పటాల సాఫ్ట్‌వేర్‌లో పొరల లోపాల సవరణ

పొరల లోపాల సవరణ అనగా కంప్యూటరులో పటాలు తయారు చేసే సాఫ్ట్‌వేర్‌లో సమాచార పొరలు, చిత్రాల పొరలు కనబడకపోవడం, తప్పు చోట కనబడటం, పేర్ల అక్షరాలు చెదిరిపోవడం వంటి సమస్యలకు కారణం కనుగొని సరిదిద్దే పని. ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను భౌగోళిక సమాచార వ్యవస్థ లేదా జీఐఎస్ అంటారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన క్యూజీఐఎస్, వాణిజ్య సాఫ్ట్‌వేర్ అయిన ఆర్క్‌జీఐఎస్ వీటిలో ముఖ్యమైనవి. పొరలలో కనబడే లోపాలు చాలావరకు కొలతల తప్పు వలన వచ్చినవి కావు. ఆ కొలతలు ఏ పద్ధతిలో తీసుకున్నవో తెలిపే వివరం పోవడం వలన, లేదా ఆ వివరం తప్పుగా ఉండటం వలన వచ్చినవి.

ఈ వ్యాసంలో ఉదాహరణలను తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం నుండి తీసుకున్నారు. పటాల లెక్కలో రెండు యూటీఎం జోన్లను వేరు చేసే 78 డిగ్రీల తూర్పు రేఖాంశం ఈ ప్రాంతానికి కొద్దిగా పడమరగా పోతుంది. పాత సర్వే పటాలు, మారిన జిల్లా హద్దులు, పలు విధాలుగా రాసే ఊరి పేర్లు కూడా ఇక్కడ ఉన్నందున పొరల లోపాలలో దాదాపు అన్ని రకాలూ ఈ ఒక్క ప్రాంతపు పటంలోనే ఎదురవుతాయి.

నేపథ్యం

పొరలు రెండు రకాలు. బిందువులు, రేఖలు, బహుభుజుల రూపంలో ఉండేవి వెక్టర్ పొరలు. బావి బిందువు, కాలువ రేఖ, చెరువు బహుభుజి అవుతాయి. చిన్న చిన్న చతురస్రాల గడులతో ఏర్పడేవి రాస్టర్ పొరలు. ఉపగ్రహ చిత్రాలు, స్కాన్ చేసిన పటాలు, ఎత్తుల వివరాలు ఈ రకానికి చెందినవి.

క్యూజీఐఎస్‌ను గ్యారీ షెర్మన్ 2002లో ప్రారంభించాడు. దీని 1.0 వెర్షన్ 2009లోను, 3.0 వెర్షన్ 2018లోను విడుదలయ్యాయి. వెక్టర్ సమాచారానికి విరివిగా వాడే షేప్‌ఫైలు రూపపు సాంకేతిక వివరణను ఎస్రి సంస్థ 1998లో ప్రచురించింది. భారతదేశంలో స్థలవర్ణన పటాలను 1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియా తయారు చేస్తుంది. ఉపగ్రహ చిత్రాలను అందించే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం హైదరాబాదులో ఉంది. ఇస్రో వారి భువన్ పోర్టల్ 2009 ఆగస్టు 12న ప్రారంభమైంది.

పొర కనబడకపోవడం

పొరను చేర్చిన తరువాత తెర ఖాళీగా ఉంటే ముందుగా చిన్న కారణాలను చూడాలి. పైనున్న పొర కింది పొరను కప్పివేసి ఉండవచ్చు. పొరకు ఫలానా స్కేలులోనే కనబడాలనే నియమం పెట్టి ఉండవచ్చు. వడపోత వలన అన్ని అంశాలూ దాగి ఉండవచ్చు. "పొర మేరకు జూమ్" అనే ఆదేశం ఇస్తే పొర ఎక్కడ పడిందో వెంటనే తెలుస్తుంది.

ప్రాజెక్టు ఫైలులో పొరల సమాచారం ఉండదు, అవి ఉన్న చోటు చిరునామా మాత్రమే ఉంటుంది. అందువలన ప్రాజెక్టు ఫైలును ఒక్కదానినే మరో కంప్యూటరుకు పంపితే పొరలు దొరకడం లేదనే సందేశం వస్తుంది. పొరలన్నింటినీ ప్రాజెక్టు ఉన్న ఫోల్డరులోనే ఉంచి, సాపేక్ష చిరునామాలతో భద్రపరచితే ఈ సమస్య రాదు.

షేప్‌ఫైలు పేరుకు ఒకటే అయినా నిజానికి అది ఫైళ్ళ సముదాయం. ఎస్‌హెచ్‌పీ ఫైలులో ఆకృతులు, ఎస్‌హెచ్‌ఎక్స్ ఫైలులో వాటి సూచిక, డీబీఎఫ్ ఫైలులో గుణాల పట్టిక ఉంటాయి. ఈ మూడూ తప్పనిసరి. వీటికి తోడుగా పీఆర్‌జే ఫైలు నిరూపక వ్యవస్థను, సీపీజీ ఫైలు అక్షరాల ఎన్‌కోడింగును తెలుపుతాయి. ఎస్‌హెచ్‌ఎక్స్ పోతే దానిని తిరిగి తయారు చేయవచ్చు. డీబీఎఫ్ పోతే ఆకృతులు మిగులుతాయి కానీ ఊరి పేర్లు, సర్వే నంబర్లు తిరిగి రావు.

పొర తప్పు చోట పడటం

భూమి గుండ్రంగా ఉంటుంది, పటం చదునుగా ఉంటుంది. ఒకదాని నుండి మరొకదానికి మారడానికి వాడే నియమాలను కలిపి నిరూపక వ్యవస్థ అంటారు. అదే స్థలానికి ఒక వ్యవస్థలో డిగ్రీలు, మరొక వ్యవస్థలో మీటర్లు వస్తాయి. తంబళ్లపల్లె సుమారు 13 డిగ్రీల 50 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 23 నిమిషాల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. యూటీఎం 44వ జోన్‌లో ఇదే స్థలపు తూర్పు నిరూపకం సుమారు 2.17 లక్షల మీటర్లు, ఉత్తర నిరూపకం సుమారు 15.3 లక్షల మీటర్లు. నిరూపకాల పరిమాణాన్ని చూస్తే అవి డిగ్రీలా మీటర్లా అన్నది తెలుస్తుంది.

జోన్ పొరపాటు

యూటీఎం పద్ధతిలో భూమిని 6 డిగ్రీల వెడల్పు గల 60 జోన్లుగా విభజిస్తారు. 72 నుండి 78 డిగ్రీల వరకు 43వ జోన్, 78 నుండి 84 డిగ్రీల వరకు 44వ జోన్. తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం, కదిరి 44వ జోన్‌లో ఉండగా బెంగళూరు, అనంతపురం, హిందూపురం 43వ జోన్‌లో ఉన్నాయి. ప్రతి జోన్‌లోనూ అవే సంఖ్యలు మళ్ళీ వస్తాయి. కాబట్టి తంబళ్లపల్లెకు చెందిన 44వ జోన్ పొరకు పొరపాటున 43వ జోన్ అని పేర్కొంటే అది దాదాపు 650 కిలోమీటర్లు పడమరకు జరుగుతుంది. అప్పుడు తంబళ్లపల్లె చెరువులు కర్ణాటక తీరాన్ని దాటి అరేబియా సముద్రంలో కనబడతాయి.

జోన్ సరిహద్దు దాటరాని గోడ కాదు. మదనపల్లె నుండి బెంగళూరు వరకు ఒకే పటం కావలసినప్పుడు రెండింటిలో ఒక జోన్‌ను ఎంచుకొని అన్ని పొరలనూ దానిలోకి మార్చవచ్చు. బెంగళూరును 44వ జోన్‌లో చూపినా దూరాలలో వచ్చే తేడా కిలోమీటరుకు మీటరున్నర లోపే ఉంటుంది.

అంకెల తారుమారు

బిందువుల పట్టికలో అక్షాంశం, రేఖాంశం గడులు తారుమారైతే తంబళ్లపల్లె ఆర్కిటిక్ ప్రాంతంలో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులలో పడుతుంది. భారతదేశం 2008లో ప్రారంభించిన హిమాద్రి పరిశోధన కేంద్రం ఉన్నది ఆ దీవులలోనే. నిరూపకాలు నింపని బిందువులు సున్నా, సున్నా వద్ద, అనగా ఆఫ్రికా పడమటి తీరంలోని గినియా సింధుశాఖలో పోగవుతాయి.

నిమిషాలను దశాంశాలుగా రాయడం మరొక సాధారణ తప్పు. 13 డిగ్రీల 50 నిమిషాలు అంటే 13.833 డిగ్రీలు. దానిని 13.50 అని, 78 డిగ్రీల 23 నిమిషాలను 78.23 అని రాస్తే బిందువు నైరుతి దిశగా సుమారు 40 కిలోమీటర్ల దూరాన కర్ణాటక వైపున పడుతుంది. ఒక పట్టికలోని దశాంశ భాగాలు ఎక్కడా 60ని దాటకపోతే ఈ తప్పు జరిగి ఉండవచ్చని అనుమానించాలి.

డేటమ్ తేడా

పైన చెప్పిన తప్పులు పెద్దవి కనుక వెంటనే కంటికి కనబడతాయి. డేటమ్ తేడా వలన వచ్చే తప్పు చిన్నది, అందువలననే ప్రమాదకరమైనది. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్‌ను, మధ్యప్రదేశ్‌లోని కళ్యాణ్‌పూర్ మూలస్థానాన్ని ఆధారంగా చేసుకొని తయారైనవి. జీపీఎస్ యంత్రాలు డబ్ల్యూజీఎస్84 డేటమ్‌ను వాడతాయి. 2005 జాతీయ పటాల విధానం ప్రకారం ప్రజలకు అందించే ఓపెన్ సిరీస్ పటాలను కూడా డబ్ల్యూజీఎస్84, యూటీఎం పద్ధతికి మార్చారు.

పాత పటంలోని అక్షాంశ రేఖాంశాలను మార్పు చేయకుండా డబ్ల్యూజీఎస్84గా భావిస్తే ఈ ప్రాంతంలో దాదాపు 200 మీటర్ల తేడా వస్తుంది. జిల్లా పటంలో ఇది కనిపించదు. పొలాల పటంలో మాత్రం కాలువ ఒక రైతు భూమి నుండి మరొక రైతు భూమిలోకి మారిపోతుంది. హంద్రీ-నీవా సుజల స్రవంతి పథకపు పుంగనూరు, కుప్పం శాఖా కాలువల వంటి నిర్మాణాలను పాత పటం మీద పరిచి చూసేటప్పుడు కాలువ రేఖ ఏ సర్వే నంబరులో పడుతున్నదనే ప్రశ్నకు ఈ తేడా వలన తప్పు జవాబు వస్తుంది. పటం చూడటానికి సరిగానే ఉన్నందున ఆ జవాబును ఎవరూ అనుమానించరు.

పొరలోని అంశాలన్నీ ఒకే దిశలో, ఒకే దూరం జరిగి ఉంటే డేటమ్ తేడాను అనుమానించాలి. అవి అస్తవ్యస్తంగా జరిగి ఉంటే గీతలు గీయడంలోనో, చిత్రాన్ని అమర్చడంలోనో తప్పు ఉంటుంది.

పేర్కొనడం, మార్చడం

నిరూపక వ్యవస్థను పేర్కొనడం, నిరూపక వ్యవస్థను మార్చడం వేర్వేరు పనులు. మొదటిది సంఖ్యలను ముట్టుకోదు. అవి ఏ పద్ధతిలో ఉన్నాయో మాత్రమే చెబుతుంది. రెండవది సంఖ్యలను లెక్కగట్టి కొత్త పొరను తయారు చేస్తుంది. పీఆర్‌జే ఫైలు లేని పొరకు పేర్కొనడం అవసరం. వివరం సరిగా ఉండి వేరే పద్ధతిలోకి తేవలసిన పొరకు మార్చడం అవసరం. మార్చవలసిన చోట కేవలం పేర్కొంటే ఉన్న సరైన వివరం కూడా చెడిపోతుంది. ఒక లోపం ఉన్న పొర రెండు లోపాల పొరగా మారడానికి ఇదే ముఖ్య కారణం.

చిత్రాల పొరలు

స్కాన్ చేసిన పటాన్ని అమర్చడం

కాగితపు పటాన్ని స్కాన్ చేసినప్పుడు వచ్చే చిత్రానికి భూమి మీద స్థానం ఉండదు. దానికి స్థానం కల్పించడాన్ని జియోరెఫరెన్సింగ్ అంటారు. పాత పద్ధతిలో తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు 57కె డిగ్రీ షీటులోను, కుప్పం 57ఎల్ షీటులోను వస్తాయి. తంబళ్లపల్లె ఉన్న 57కె/5 షీటు 78 డిగ్రీల 15 నిమిషాల నుండి 78 డిగ్రీల 30 నిమిషాల వరకు, 13 డిగ్రీల 45 నిమిషాల నుండి 14 డిగ్రీల వరకు ఉంటుంది. ఈ నాలుగు మూలలను ఆధార బిందువులుగా తీసుకోవచ్చు. అయితే ఆ డిగ్రీలు ఎవరెస్ట్ పద్ధతికి చెందినవి కాబట్టి పటాన్ని మొదట ఆ పద్ధతిలోనే అమర్చి, తరువాత డబ్ల్యూజీఎస్84లోకి మార్చాలి.

మూలలు చిరిగిపోయిన పటానికి భూమి మీద మారని గుర్తులను వాడాలి. రోడ్ల కూడళ్ళు, ధర్మవరం-పాకాల రైలు మార్గాన్ని రోడ్డు దాటే చోట్లు, పాత చెరువుకట్టల మలుపులు, కొండమీది గుడులు ఇందుకు పనికివస్తాయి. చెరువులోని నీటి అంచు ప్రతి సంవత్సరం మారుతుంది కనుక పనికిరాదు. బిందువులు పటమంతటా పరచుకొని ఉండాలి. సరళమైన అమరికకు కనీసం 3 బిందువులు, రెండవ తరగతి అమరికకు 6, మూడవ తరగతికి 10 బిందువులు కావాలి. సరిగ్గా ఆ కనీస సంఖ్యతోనే అమర్చితే శేష దోషం సున్నాగా చూపుతుంది. అది అమరిక బాగున్నదని కాదు, తప్పును పట్టడానికి అదనపు బిందువు లేదని అర్థం. 1:50,000 స్కేలు పటంలో కాగితంపై అర మిల్లీమీటరు నేలపై 25 మీటర్లకు సమానం కనుక అంతకంటే మెరుగైన ఖచ్చితత్వాన్ని ఆశించరాదు.

కొన్ని చిత్రాలతో పాటు ఆరు వరుసల వరల్డ్ ఫైలు వస్తుంది. అందులో గడి పరిమాణం, వంపు, ఎడమవైపు పై గడి స్థానం ఉంటాయి. నాలుగవ వరుసలోని రుణ గుర్తు పోతే చిత్రం ఉత్తర దక్షిణాలు తలకిందులవుతాయి. ఈ ఫైలు నిరూపక వ్యవస్థను తెలపదు కాబట్టి దానిని వేరుగా పేర్కొనాలి.

చిత్రం నల్లగా లేదా తెల్లగా కనబడటం

చిత్రం మొత్తం నల్లగా కనబడితే చాలావరకు అది చెడిపోయినది కాదు. మామూలు ఛాయాచిత్రాలలో విలువలు 0 నుండి 255 వరకు ఉంటే ఉపగ్రహ చిత్రాలలో అవి వేలలో ఉండవచ్చు. చివరనున్న 2 శాతం విలువలను రెండువైపులా వదిలి మిగిలిన వాటిని తెర కాంతికి సరిపెడితే చిత్రం బయటపడుతుంది.

చిత్రం చుట్టూ నల్లని అంచు వస్తే 0 విలువను "సమాచారం లేదు" అని పేర్కొనాలి. జేపీఈజీ పద్ధతిలో కుదించిన చిత్రాలలో అంచు విలువలు 0కు దగ్గరగా మారిపోతాయి కనుక కొన్ని నల్లని చుక్కలు మిగులుతాయి. కుదించని మూల చిత్రాన్ని వాడటం మేలు.

సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలతో చెరువుల నీటిని సంవత్సరాల వారీగా పోల్చేవారు ఒక విషయం గమనించాలి. 2022 జనవరి 25 నుండి కొత్త పద్ధతిలో తయారైన చిత్రాలలో ప్రతి విలువకు 1000 కలిపి ఉంటుంది. దానిని తీసివేయకుండా పాత చిత్రాలతో పోల్చితే నేల మీద జరగని మార్పు పటంలో కనబడుతుంది. కొన్ని చోట్ల లభించే చిత్రాలలో ఈ తేడాను ముందే సవరించి ఉంటారు కాబట్టి చిత్రంతో వచ్చే వివర పత్రాన్ని చదవాలి.

ఎత్తుల పొర

2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక సేకరించిన ఎస్ఆర్‌టీఎం ఎత్తుల సమాచారం ఒక్కొక్క డిగ్రీ ఫైళ్ళుగా లభిస్తుంది. ఫైలు పేరు దాని నైరుతి మూలను తెలుపుతుంది. తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు 13-78 ఫైలులోను, కుప్పం 12-78 ఫైలులోను ఉంటాయి. కుప్పం వరకు పటం కావాలంటే రెండింటినీ అతకాలి. సమాచారం లేని గడులకు మైనస్ 32,768 విలువ ఇస్తారు. సాఫ్ట్‌వేర్ దానిని నిజమైన లోతుగా భావిస్తే 1,265 మీటర్ల హార్స్‌లీ హిల్స్, దాని దిగువనున్న మైదానం ఒకే తెల్లని రంగులో కలిసిపోతాయి.

గుణాల పట్టిక, తెలుగు అక్షరాలు

తెలుగు పేర్లకు బదులుగా అర్థంలేని లాటిన్ అక్షరాలు కనబడితే ఎన్‌కోడింగ్ తప్పని గుర్తించాలి. పొర లక్షణాలలో యూటీఎఫ్-8 ఎంచుకుంటే సాధారణంగా సరిపోతుంది. యూనికోడ్ రాకముందు నాటి ఖతులలో టైపు చేసిన సమాచారమైతే ఎన్‌కోడింగ్ మార్చినా ఫలితం ఉండదు. దానిని ప్రత్యేక మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి తేవాలి.

యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. "తంబళ్లపల్లె" అనే పేరులో పొల్లు, సున్నా, గుణింతపు గుర్తుతో కలిపి 11 సంకేతాలు ఉన్నాయి, అనగా 33 బైట్లు. షేప్‌ఫైలు గడి వెడల్పు 30 బైట్లు మాత్రమే అయితే చివరి ఎత్వం తెగిపోయి "తంబళ్లపల్ల" అని మిగులుతుంది. గడుల శీర్షికలకు 10 బైట్ల పరిమితి ఉన్నందున తెలుగులో మూడు సంకేతాలకు మించి పట్టవు. 2014లో ప్రమాణంగా వెలువడిన జియోప్యాకేజీ రూపంలో ఈ ఇబ్బందులు లేవు. పొర మొత్తం ఒకే ఫైలులో ఉంటుంది కనుక భాగాలు విడిపోయే ప్రమాదం కూడా లేదు.

పటంపై పేర్లలో ఒత్తులు విడిపోతే అక్షరాల మధ్య అదనపు ఖాళీ పెట్టారేమో చూడాలి. ఆ ఖాళీని సున్నా చేస్తే ఒత్తులు తిరిగి కలుస్తాయి. పేర్ల స్థానంలో డబ్బాలు వస్తే తెలుగు ఖతిని ఎంచుకోవాలి.

జనాభా పట్టికను గ్రామాల పొరతో కలిపినప్పుడు కొన్ని ఊళ్ళు ఖాళీగా మిగలడానికి పేర్ల రాతలోని తేడాలే కారణం. తంబళ్లపల్లె, తంబళ్ళపల్లె మనుషులకు ఒకటే, కంప్యూటరుకు రెండు. అందువలన పేర్లకు బదులు జనగణన సంకేత సంఖ్యలతో కలపాలి. సంఖ్యలు కూడా ఏ జనగణనవో చూసుకోవాలి. చిత్తూరు జిల్లా సంకేతం 2001లో 23, 2011లో 554. స్ప్రెడ్‌షీటులో తెరిచినప్పుడు ముందున్న సున్నాలు పోకుండా ఆ గడులను అక్షరాలుగా పేర్కొనాలి.

ఆకృతి దోషాలు, వైశాల్యం

చేతితో గీసిన బహుభుజులలో హద్దు తనను తానే దాటడం, పక్కపక్క గ్రామాల మధ్య సన్నని సందులు మిగలడం, ఒకే ఆకృతి రెండుసార్లు ఉండటం సాధారణ దోషాలు. వీటివలన వైశాల్యం లెక్కించడం, పొరలను ఖండించడం వంటి పనులు మధ్యలో ఆగిపోతాయి. చెల్లుబాటును పరీక్షించే సాధనంతో దోషాలున్న చోట్లను గుర్తించి సరిచేయాలి. గీసేటప్పుడే బిందువులు పక్క హద్దుకు అతుక్కునే ఏర్పాటును వాడితే సందులు రావు.

ఇంటర్నెట్ పటాలు వెబ్ మెర్కేటర్ ప్రక్షేపంలో ఉంటాయి. అది భూమధ్యరేఖకు దూరంగా పోయేకొద్దీ కొలతలను పెంచి చూపుతుంది. ఆ నిరూపకాలతో నేరుగా లెక్కిస్తే తంబళ్లపల్లె వద్ద వైశాల్యం సుమారు 6 శాతం, కుప్పం వద్ద సుమారు 5 శాతం ఎక్కువ వస్తుంది. 100 ఎకరాల చెరువు 106 ఎకరాలుగా తేలుతుంది. ఎలిప్సాయిడ్ ఆధారంగా గానీ, యూటీఎం 44వ జోన్‌లో గానీ లెక్కించాలి.

పాతబడిన హద్దులు

స్థానం, అక్షరాలు సరిగా ఉన్నా పొర కాలం చెల్లినది కావచ్చు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. ఆంధ్ర ప్రదేశ్‌లో మండలాలు 1985లో ఏర్పడ్డాయి. 2011 జనగణన పొరలో తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం అన్నీ చిత్తూరు జిల్లాలో ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో తంబళ్లపల్లె, మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి మారాయి. కుప్పం చిత్తూరు జిల్లాలోనే ఉండి, రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. పాత జిల్లా హద్దును కొత్త గణాంకాలతో కలిపితే సంఖ్యలు తప్పుడు భూభాగానికి అంటుకుంటాయి. హద్దులు మరల మారగలవు కనుక ప్రతి పొర పేరులోను దాని సంవత్సరాన్ని రాయడం మంచిది.

పరిశీలన క్రమం

లోపం కనబడినప్పుడు పొరను జరపడం, సాగదీయడం మొదలుపెట్టకుండా కింది క్రమంలో పరిశీలించాలి.

* మూల ఫైలుకు నకలు తీసి, నకలు మీదనే పని చేయాలి.
* అనుబంధ ఫైళ్ళన్నీ ఒకే పేరుతో, ఒకే ఫోల్డరులో ఉన్నాయా చూడాలి.
* పొర విస్తృతి అంకెలు చదివి, అవి డిగ్రీలా మీటర్లా, ఈ ప్రాంతానికి తగినవేనా గమనించాలి.
* నిరూపక వ్యవస్థ, జోన్, డేటమ్ వివరాలను సమాచారం ఇచ్చినవారి పత్రంతో సరిపోల్చాలి.
* నేలపై తెలిసిన కనీసం మూడు స్థలాల వద్ద, ఒకదానికొకటి దూరంగా ఉన్నవాటి వద్ద, పొరను సరిచూడాలి.
* గుణాల పట్టికలో వరుసల సంఖ్య, ఖాళీ గడులు, తెగిన పేర్లు చూడాలి.
* చేసిన సవరణను, తేదీని పొర వివరాలలో రాయాలి.

పొరను చేతితో జరిపి చిత్రం మీద సరిపెట్టడం వలన ఆ ఒక్క చోట లోపం మాయమవుతుంది, మిగిలిన చోట్ల అలాగే ఉంటుంది. పైగా తరువాత వాడేవారికి అది ఎందుకు జరిగిందో తెలుసుకునే ఆధారం పోతుంది. ఆకాశం తెరపిగా ఉన్నచోట చేతి జీపీఎస్ యంత్రం కొద్ది మీటర్ల ఖచ్చితత్వంతో స్థానాన్ని తెలుపుతుంది. కాబట్టి 200 మీటర్ల డేటమ్ తేడాను పట్టుకోవడానికి చెరువుకట్ట మీద నిలబడి తీసుకున్న ఒక్క బిందువు చాలు.

ఇవి కూడా చూడండి

* భౌగోళిక సమాచార వ్యవస్థ
* సర్వే ఆఫ్ ఇండియా
* జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం
* తంబళ్లపల్లె
* హార్స్‌లీ హిల్స్
* హంద్రీ-నీవా సుజల స్రవంతి